పూజలోకి పోయిన వాల్వు చావి

నల్లా పని చేసి పింఛను పుచ్చుకున్నవాడిని సర్కారు వదిలినా ఇంట్లోవాళ్లు వదలరు. మొన్న వంటింట్లో నల్లా కారుతోందని మా మనవడు నన్ను పిలిచాడు. నేను కళ్లద్దాలు వెతుక్కునే లోపల వాడే రెండు వేళ్లతో కింద ఉన్న వాల్వు తిప్పి నీళ్లు ఆపేశాడు. "గింతే గద తాతా" అన్నాడు. గింతే మరి. ఆ రెండు వేళ్ల పని కోసం సిద్దిపేటలో ఒక దసరా నాడు మేం పడ్డ తిప్పలు చెబితే వాడు నమ్మలేదు. మీరు నమ్ముతారేమో చూద్దాం. ఇందులో ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు లేరు, నేను తప్ప. పేర్లు మాత్రం చెప్పను. వాళ్ల మనవలు ఊళ్లోనే ఉన్నారు, ఎదురుపడితే నాకే ఇబ్బంది.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, ఇనుము మాత్రం మా దగ్గర దొరకడం లేదు. నేను మిరుదొడ్డి నుంచి వచ్చి సర్కారు నీళ్ల మహకమాలో, అంటే నీళ్ల శాఖలో, కచ్చా నౌకరిగా చేరి రెండేళ్లయింది. కచ్చా అంటే పనున్న రోజు రమ్మంటారు, లేని రోజు పొమ్మంటారు. పక్కా నౌకరి కాగితం ఇప్పించవలసింది మా ఓవర్సీరు సాబు. ఆ కాగితం మీద నా నౌకరి ఒక్కటే కాదు, నా పెళ్లి కూడా ఆగి ఉంది. దౌల్తాబాదులో నాకు కుదిరిన పిల్ల తండ్రి, కాగితం తెచ్చిన తర్వాతే ముహూర్తమని, అప్పటిదాకా తమ వాకిట్లో కనిపించవద్దని తెగేసి చెప్పాడు. నేనూ మాట మీద నిలబడ్డాను. వాకిట్లో కనిపించలేదు. వాకిలి ముందు నుంచి మాత్రం వారానికోసారి ఏదో పనున్నట్టు నడిచి పోయేవాడిని.

మా ఓవర్సీరు సాబు గురించి చెప్పాలి. మనిషి బాగా భారీ. ఆయన షేర్వానీకి కొలతలు తీయాలంటే దర్జీ చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. ఆయన ఎక్కడికి పోయినా ఆయనకంటే ముందు ఒక కుర్చీ పోయేది. మేం గుంతలో దిగి పైపు కోస్తుంటే ఆయన గట్టున కుర్చీలో కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, మేం చేసేదంతా తప్పని చెప్పేవాడు. ఆయన పానా పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. భక్తి మాత్రం మహా గట్టిది.

పని తెలిసినవాడు మా ఉస్తాద్. తెల్లటి గడ్డం, మోకాళ్ల దాకా మడిచిన పాయిజామా. పైపుకు చెవి ఆనించి ఎక్కడ కారుతోందో చెప్పేవాడు. సర్కారు పైపులన్నీ ఆయన చేతి మీదుగా పాతుకున్నవే. నాకు పని నేర్పింది ఆయనే, తిట్టిందీ ఆయనే. తిట్లు ఉర్దూలో తిట్టేవాడు కాబట్టి మొదటి ఏడాది నేను వాటిని మెచ్చుకోళ్లు అనుకున్నాను.

ఇక హౌజు. ఊరి బయట ఒక దొర బంగళా ఉండేది. దాని తోటలో, దొర తండ్రి కట్టించిన ఈత హౌజు. మీరు ఇప్పుడు స్విమ్మింగ్ పూల్ అంటున్నారు గదా, అదే. నిలబడితే నడుము దాటే లోతు. తోట గట్టు మీద ఒక రాతి టాంకు, దాన్ని మోట బావి నుంచి ఎడ్లతో నింపాలి. టాంకు నుంచి హౌజులోకి నీళ్లు వచ్చే పైపుకు ఒక వాల్వు. హౌజు అడుగున బెత్తెడు వెడల్పు బొక్క, అందులోంచి వెనక మిరప తోటలోకి నీళ్లు పోయే పైపుకు ఇంకో వాల్వు. వచ్చేదొకటి, పోయేదొకటి. ఈ రెండూ గుర్తుంటే కథంతా అర్థమైనట్టే.

ఆ ఏడు దసరాకు తాలూక్దారు సాబు, అంటే ఇప్పటి కలెక్టరు లాంటి పెద్దాయన, బంగళాకు విందుకు వస్తానన్నాడు. మీ హౌజు గురించి చాలా విన్నాను, చూడాలని కూడా అన్నాడట. దొరకు అప్పుడు గుర్తొచ్చింది, హౌజులో అయిదారేళ్లుగా నీళ్లు లేవని, మేకలు పడుకుంటున్నాయని. వెంటనే మా ఓవర్సీరుకు కబురు వచ్చింది. సర్కారు పనివాళ్లు దొర ఇంటి పని చేయడమేమిటని అడగకండి. ఆ రోజుల్లో అడిగేవాళ్లు లేరు, అడిగినవాళ్లకు మర్నాడు పని లేదు.

ఓవర్సీరు నన్ను పిలిచి ఒకే మాట చెప్పాడు. "దసరా నాడు తాలూక్దార్ సాబ్ వచ్చేటాల్లకు హౌజు నిండుగ కనవడాలె. కనవడితే నీ కాగితం మీద నేను దస్కతు పెడుత. కనవడకపోతే మిరుదొడ్డికి పోయి నాగలి పట్టుకో." నా పెళ్లి ఆ హౌజు అడుగున ఉందని నాకు అప్పుడే అర్థమైంది.

పైపులు చూస్తే పైకి ఇనుము, లోపల అంతా తుప్పు. పైపులు అతికే కాలర్లు చేత్తో నలిపితే పొడి అయిపోయాయి. మేం పదిరోజులు పనిచేశాం. తుప్పు తినేసిన ముక్కలన్నీ కోసేసి, పాత సామాన్లలోంచి మంచివి ఏరి, కొత్త మరలు కోసి, జనపనార చుట్టి, సఫేదా, అంటే తెల్ల సీసపు ముద్ద, పూసి బిగించాం. తోలు వాషర్లు మోచీ దగ్గర కోయించాం. పైవాల్వు శుభ్రం చేస్తే పనికొచ్చింది. కింది వాల్వు మాత్రం ఉస్తాద్ ఇట్లా ముట్టుకున్నాడు, అట్లా రెండు ముక్కలైంది. కొత్తది ఎక్కడా లేదు. చివరికి పాత ఇనుము అమ్మేవాడి గుట్టలో ఒకటి దొరికింది, దానికి తిప్పే చక్రం లేదు. ఉస్తాద్ కమ్మరితో మూరెడు పొడవు చావి ఒకటి చేయించాడు. సన్నటి గుంతలో లోపలికంటా దింపి తిప్పితే వాల్వు కదులుతుంది. వేరే ఏ పానా అక్కడికి దిగదు. లోకంలో ఆ వాల్వుకు ఆ చావి ఒక్కటే, దాన్ని ఉస్తాద్ నా చేతిలో పెట్టి, పెండ్లాం లెక్క చూసుకోమన్నాడు. నాకు పెళ్లాం లేదని ఆయనకు తెలుసు.

దసరా ముందు రోజుకు పని అయిపోయింది. కింది వాల్వు తెరిచి పెట్టి, కొన్ని నీళ్లు వదిలి, హౌజులోని సున్నం మడ్డి, తుప్పు అంతా మిరప తోటలోకి కడిగేశాం. మర్నాడు పొద్దున్నే తోట మాలి పైవాల్వు తిప్పాలి, మధ్యాహ్నానికి హౌజు నిండాలి. ఎడ్లు నాలుగు రోజులు తిరిగి టాంకు నింపాయి. పండుగ నాడు ఎడ్లకు సెలవు. ఇంకో చుక్క తోడేది లేదు.

సరిగ్గా అప్పుడు ఓవర్సీరు నుంచి పిలుపు. ఆయుధ పూజ. ఆ సాయంత్రం పనిముట్లన్నీ కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి మా షెడ్డులో పీట మీద వరుసగా పెట్టాలి. పెట్టిన తర్వాత దసరా సాయంత్రం జమ్మి పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు. "ఒక్క మేకు సుత బయట ఉండొద్దు" అని ఓవర్సీరు హుకుం. నేను అసలే కాగితం కోసం చూస్తున్నవాడిని. ఉన్నవన్నీ మూటగట్టాను. పానాలు, రంపాలు, సుత్తెలు, చివరికి నా చెప్పు కింద దిగిన మేకు కూడా పీకి కడిగాను. చావిని అందరికంటే ఎక్కువ తోమి, మూడు పసుపు గీతలు పెట్టి, మీద బంతిపువ్వు పెట్టి, ఓవర్సీరుకు కనపడేటట్టు మధ్యలో నిలబెట్టాను. ఆయన చూసి తల ఊపాడు. నేను ఉబ్బిపోయాను.

కింది వాల్వు తెరిచే ఉందన్న సంగతి నాకు ఆ ఉబ్బులో గుర్తులేదు.

దసరా నాడు తలంటుకుని, కొత్త అంగీ తొడుక్కుని, మధ్యాహ్నం నిండు హౌజు చూసుకుందామని బంగళాకు పోయాను. మాలి తెల్లారి చెప్పినట్టే పైవాల్వు తిప్పి, పాలపిట్టను చూడడానికి ఊరవతలికి పోయాడట. హౌజులో నీళ్లు చీలమండ దాకా ఉన్నాయి. పై నుంచి వస్తున్నాయి, కింది నుంచి పోతున్నాయి. వెనక మిరప తోట చెరువైంది. ముందు పరుగెత్తి పైవాల్వు కట్టేశాను. టాంకులో తొంగి చూస్తే సగానికి పైగా ఖాళీ. ఉన్న నీళ్లు జాగ్రత్తగా పెడితే హౌజుకు సరిపోతాయేమో, అదీ ఒక్క చుక్క కిందికి పోకపోతే. దౌల్తాబాదు పిల్ల మిరప తోటలో కొట్టుకుపోతున్నట్టే అనిపించింది.

షెడ్డుకు పరుగెత్తాను. పీట ముందు దీపం, పక్కన కుర్చీలో ఓవర్సీరు, అరుగు మీద ఉస్తాద్. సంగతి చెప్పి చావి అడిగాను. ఓవర్సీరు చెవులు మూసుకున్నాడు. పూజలో కూర్చున్న పనిముట్టును మధ్యలో లేపితే మహకమా మొత్తానికి అరిష్టమన్నాడు. నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన సామాను ఆయనది గదా, ఆయన మతం వేరు గదా, ఒక్క మాట అంటే ఓవర్సీరు మెత్తబడతాడని నా ఆశ. కానీ ఆ పీట మీద ఉస్తాద్ పనిముట్లు కూడా ఉన్నాయి. ఏటా ఆయనే తెచ్చి పెట్టేవాడు.

"నా సుత్తె మీ సుత్తెల తోటి ఏడాదంత పని చేస్తది బేటా. పండుగ మాత్రం అలగ్ చేసుకుంటదా? ఒక్క దినం పండనియ్. ఒకపారి మధ్యల లేపిన, ఇగో చూడు" అని వంకర తిరిగిన బొటనవేలు చూపించాడు.

సరే, ఊరి మీద పడ్డాను. ఇంకో చావి చేయిద్దామంటే కమ్మరి కొలిమి ముందు సమ్మెటకు బొట్టు. కర్రతో చెక్కిద్దామంటే వడ్లాయన బాడిశెకు బొట్టు. మంగలి కత్తికి, దర్జీ కత్తెరకు బొట్టు. బంగళా వంటాయన ఏకంగా కత్తిపీటకు దండ వేసి, కూరలన్నీ ముందురోజే కోసి పెట్టుకున్నాడు. సిద్దిపేటలో ఆ పూట పదునున్నదేదీ పనిలో లేదు, నా బుద్ధితో సహా.

తాలూక్దారు నాలుగింటికి వస్తాడని గుర్తుచేస్తే ఓవర్సీరుకు చెమటలు పట్టాయి. ఆయన, ఉస్తాద్, నేను, ముందర కుర్చీ, అందరం బంగళాకు చేరాం. పైవాల్వు కాస్త వదిలి చూస్తూ, బొక్కకు గోనె సంచిలో మట్టి పోసి అడ్డం పెట్టాం. నీళ్లు చాయ రంగుకు తిరిగాయి, తీసేశాం. వంటాయన బూరెల పిండి ముద్ద ఇచ్చాడు. అది కరిగి మిరప తోటకు పోయింది. బండ పెడితే బొక్క అంచులు ఎగుడుదిగుడు, సందుల్లోంచి కారింది. దిష్టి తీయడానికి తెచ్చిన గుమ్మడికాయ బిగించాం. కాసేపు ఆగి, బుడుక్కున పైకి తేలింది.

అప్పుడు ఉస్తాద్ మెత్తటిది కావాలి, బరువుగా కూడా ఉండాలి అని గడ్డం నిమురుకుంటూ, నన్ను కూర్చోమన్నాడు. గోనె మడత వేసుకుని బొక్క మీద కూర్చున్నాను. నేను అప్పుడు చీపురుపుల్ల లాంటివాడిని. ఇటు ఆగితే అటు పోయాయి. ఉస్తాద్ కూర్చున్నాడు. ఆయనా ఎముకలే. గట్టు మీద కుర్చీలోంచి ఓవర్సీరు ఎప్పటిలాగే మా తప్పులు చెబుతున్నాడు. ముందుకు వంగొద్దు, వెనక్కి ఒరుగు, కాళ్లు చాపు. మేం ఎంతకూ కుదరకపోయేసరికి ఆయనకు కోపం నషాళానికి అంటింది. షేర్వానీ విప్పి కుర్చీ మీద వేశాడు. "మీకు కూర్చునుడు సుత రాదు. తప్పుకోన్రి" అని ధోవతి ఎగ్గట్టి హౌజులోకి దిగి, బొక్క మీద కూర్చుని చూపించాడు.

నీళ్లు ఆగిపోయాయి.

ఉస్తాద్ గబగబా గుంత దగ్గరికి పోయి పైపుకు చెవి ఆనించాడు. చప్పుడు లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏళ్లలో ఇంత మంచి బిగింపు చూడలేదన్నాడు. నేను పరుగెత్తి పైవాల్వు పూర్తిగా తిప్పాను. నీళ్లు పెరగడం మొదలైంది. ఓవర్సీరు లేవబోయి, మా ఇద్దరి ముఖాలు చూసి, విషయం అర్థమై, మళ్లీ కూర్చున్నాడు. ఆయన లేస్తే హౌజు లేదు. నీళ్లు బొడ్డు దాకా వచ్చాయి, రొమ్ము దాకా వచ్చాయి, మెడ దగ్గర ఆగాయి. టాంకు ఖాళీ అయింది, హౌజు నిండింది. అద్దంలా ఉన్న నీళ్ల నడుమ ఎర్రటి రూమీ టోపీతో మా ఓవర్సీరు తలకాయ, కొంచెం దూరంగా గుమ్మడికాయ. టోపీ తీయడం ఆయన మరిచిపోయాడు, చెప్పే ధైర్యం మాకు లేదు.

నాలుగింటికి మోటారు కారు వచ్చింది. దొర ముందు దారి చూపిస్తూ, వెనక తాలూక్దారు సాబు. హౌజు దగ్గరికి వచ్చి ఇద్దరూ ఆగిపోయారు. దొర ముఖం పాలిపోయింది. ఆ రోజుల్లో తాలూక్దారు ముందు కూర్చుని ఉండడమంటే నౌకరి మీద ఆశ వదులుకోవడమే. ఓవర్సీరు నీళ్లలోంచే చెయ్యెత్తి సలాము చేశాడు. మోచేతి నుంచి నీళ్లు ధారగా కారాయి. కానీ లేవలేదు.

తాలూక్దారు కనుబొమలు ముడేసి, ఈ మనిషి ఎవరు, ఎందుకు లేవడు అని ఉర్దూలో అడిగాడు. ఓవర్సీరు మళ్లీ సలాము చేశాడు. ఆయన లేస్తే నా కాగితం పోతుంది. లేవకపోతే ఆయన నౌకరి పోతుంది, ఆ వెంట నా కాగితమూ పోతుంది. ఎటు చూసినా మిరుదొడ్డి నాగలే కనిపించింది. ఏమనుకున్నానో తెలియదు, చేతులు కట్టుకుని ముందుకు వచ్చాను.

"హుజూర్, సాబు నీళ్ల మట్టం పట్టుకోని కూసున్నడు. సాబు లేస్తే మట్టం తప్పుతది" అన్నాను.

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఉస్తాద్ దాన్ని ఉర్దూలో ఇంకా గంభీరంగా చెప్పాడు. ఎంతసేపు పట్టుకోవాలని తాలూక్దారు అడిగాడు. జమ్మి దాకా అని చెప్పాను. ఆయన ఓవర్సీరు తలను చూశాడు, బురద కొట్టుకున్న నా కొత్త అంగీని చూశాడు, తేలుతున్న గుమ్మడికాయను చూశాడు. అదెందుకని అడిగాడు.

"దిష్టికి, హుజూర్."

మీసాల కింద ఏదో కదిలింది. కోపమో, నవ్వో నాకు నేటికీ తెలియదు. తాను ఇన్నేళ్లలో కుర్చీలు పట్టుకున్న అధికారులనే చూశానని, మెడలోతు నీళ్లలో దిగి మట్టం పట్టుకున్న అధికారిని చూడడం ఇదే మొదలని ఆయన అన్నాడు. దొరతో హౌజు బ్రహ్మాండంగా ఉందని చెప్పి విందుకు నడిచాడు. పోతూ పోతూ, ఆ సాబుకు కూడా పళ్లెం పంపమన్నాడు. వంటాయన విస్తరి తెస్తే నేను పట్టుకున్నాను, ఓవర్సీరు నీళ్లలోనే పులిహోర తిన్నాడు. మెతుకు నీళ్లలో పడితే నన్నే తిట్టాడు. దాంతో ఆయన క్షేమంగానే ఉన్నాడని నాకు ధైర్యం వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఊరి జనంతో పాటు జమ్మి దగ్గరికి పరుగెత్తాను. పూజ కాగానే గుప్పెడు ఆకు తెంపుకుని షెడ్డుకు వచ్చి, పనిముట్ల మీద జమ్మి వేసి, దండం పెట్టి, చావి అందుకున్నాను. బంతిపువ్వు ఇంకా దాని మీదే ఉంది. బంగళాకు చేరి గుంతలో దింపి నాలుగు తిప్పులు తిప్పేసరికి వాల్వు మూతపడింది. మా బిగింపు ఒక్క చుక్క కారలేదు, అది నేను ఇప్పటికీ ఎవరి ముందైనా చెబుతాను. ఉస్తాద్, నేను చెరో రెక్క పట్టి ఓవర్సీరును లేపాం. పట్టు వదిలిన చప్పుడు దొర బంగళా దాకా వినిపించి ఉంటుంది. పాపం, కాళ్లు తిమ్మిరెక్కి గట్టు మీద కుర్చీ దాకా కూడా నడవలేకపోయాడు.

దసరా నాడు జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం గదా. నేను ఆకు ఆయన చేతిలో పెట్టి వంగాను. ఆయన అందులోంచి రెండాకులు తీసి మళ్లీ నా చేతిలోనే పెట్టి, వేళ్లు మూసి, గట్టిగా నొక్కాడు.

"బంగారం తీస్కో. నోరు మూస్కో" అన్నాడు.

మూసుకున్నాను. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. దాన్ని అంగీ జేబులో పెట్టుకుని, ఈసారి వాకిలి ముందు నుంచి పోకుండా, తిన్నగా వాకిట్లోకే నడిచాను. మా మామ కాగితాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు, ముద్ర చూసి ఒప్పుకున్నాడు.

మరుసటి ఏడు ఆయుధ పూజకు నేను ముందు జాగ్రత్తగా ఏ వాల్వు ఎట్లా ఉందో ఊరంతా తిరిగి చూసుకుని మరీ చావీలు తెచ్చాను. పీట మీద అన్నీ వరుసగా పెట్టాం. ఉస్తాద్ వేలితో ఒక్కొక్కదానికి బొట్టు పెట్టుకుంటూ వచ్చాడు. సుత్తె అయింది, పానా అయింది, రంపం అయింది. చివర గిన్నెలో ఇంకొంచెం కుంకుమ మిగిలింది. ఆయన అటూ ఇటూ చూసి, మెల్లగా లేచి పోయి, ఓవర్సీరు కుర్చీ మీద, సరిగ్గా కూర్చునే చోట, గుండ్రంగా ఒక బొట్టు పెట్టి వచ్చాడు.

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఓవర్సీరు లోపలికి వచ్చాడు, కూర్చోబోయి బొట్టు చూశాడు. ఉస్తాద్‌ను చూశాడు, నన్ను చూశాడు. మేమిద్దరం పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాం. ఆయన టోపీ సర్దుకుని, కుర్చీకి రెండు చేతులూ జోడించి మొక్కాడు.

పూజలో పెట్టినదాన్ని జమ్మి దాకా ముట్టకూడదు గదా. మర్నాడు సాయంత్రం దాకా ఆయన నిలబడే ఉన్నాడు.